ఆస్ట్రాలిస్ కేసు: నాలుగు మేజర్లు గెలిచిన టీమ్ ఎక్కడ అలిసిపోయింది

నేను హైదరాబాద్‌లో ఆరేళ్లుగా ఈస్పోర్ట్స్ టీమ్‌లతో పనిచేస్తున్నాను, మొదట మేనేజర్‌గా, ఇప్పుడు కోచ్‌గా. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి వారం ఎయిమ్ (గురి) గురించి, మ్యాప్‌ల (ఆట జరిగే స్థలాల) గురించి ఏమీ చెప్పను. ఒక టీమ్ కథ చెప్తాను. అది డెన్మార్క్ టీమ్ ఆస్ట్రాలిస్ కథ. కంప్యూటర్ మీద ఐదుగురు చొప్పున రెండు టీమ్‌లు ఆడే తుపాకుల ఆట కౌంటర్ స్ట్రైక్. దాని చరిత్రలో నాలుగు మేజర్లు, అంటే ఆ ఆటలో అన్నిటికంటే పెద్ద టోర్నమెంట్లు, గెలిచిన మొదటి సంస్థ, అందులో మూడు వరుసగా. చాలామంది గెలుపుల దాకా చెప్పి ఆపేస్తారు. నాకు మాత్రం ఆ తర్వాత జరిగిందే ముఖ్యం, ఎందుకంటే నేను రోజూ చూసే సమస్య అక్కడే ఉంది.

దీన్ని ఇంత పట్టించుకోవడానికి ఒక కారణం ఉంది. 2021లో నేను మేనేజర్‌గా ఉన్న ఒక చిన్న సంస్థలో 17 ఏళ్ల కుర్రాడు క్వాలిఫయర్‌కి రెండు రోజుల ముందు స్క్రిమ్ (ప్రాక్టీస్ మ్యాచ్) మధ్యలో హెడ్‌సెట్ తీసి నెమ్మదిగా టేబుల్ మీద పెట్టాడు. వైరు చుట్టి పక్కన సర్దాడు. "అన్నా, నావల్ల కావట్లేదు" అన్నాడు. గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. మా దగ్గర అతని బదులు ఆడేవాడు లేడు. టీ తెప్పించి, భుజం మీద చెయ్యేసి, "ఈ రెండు రోజులూ ఎలాగోలా లాగించేయ్ రా, తర్వాత చూద్దాం" అన్నాను. ఆడాడు. ఓడిపోయాం. మరుసటి నెల నుంచి రావడం మానేశాడు, ఇప్పటికీ ఆట ముట్టుకోలేదని విన్నాను. ఆ రోజు నేను అనాల్సిన మాట అది కాదు. మరి ఏమనాలో కూడా నాకు తెలియదు, ఎందుకంటే అలాంటి రోజు వస్తే ఏం చెయ్యాలన్నది మా సంస్థలో ఎవ్వరూ ముందుగా ఆలోచించలేదు. ఆ తర్వాతే ఆస్ట్రాలిస్ కథను కూర్చుని మొదటి నుంచి చదివాను.

ఎక్కడ మొదలైంది

2015 చివర్లో అమెరికన్ సంస్థ టీఎస్‌ఎమ్ తరఫున ఆడుతున్న ఐదుగురు డేన్లు దాన్ని వదిలి బయటకొచ్చారు. డివైస్, డుప్రీ, జిప్‌నైన్‌ఎక్స్, కరిగన్, కాజన్‌బి (ఇవన్నీ ఆటలో వాళ్లు వాడే పేర్లు). కొన్నాళ్లు వాళ్ల టీమ్‌కి పేరు కూడా లేదు, ప్రశ్నార్థకం గుర్తుతోనే ఆడారు. 2016 జనవరిలో ఆస్ట్రాలిస్ అనే పేరు ప్రకటించారు. ఫ్రెడెరిక్ బైస్కోవ్, యాకోబ్ లుండ్ క్రిస్టెన్సెన్ వ్యవస్థాపకులు. ఇక్కడ గమనించాల్సింది, ఆటగాళ్లకు కూడా సంస్థలో వాటా ఇచ్చారు. అప్పట్లో ఆటగాడంటే జీతం తీసుకుని జెర్సీ వేసుకునేవాడు, ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాల్సినవాడు. ఇది మనదే అనే భావనతో మొదలైన టీమ్ అది. హైదరాబాద్ జనాభా కంటే తక్కువ జనాభా ఉన్న దేశంలో, ఒకే భాష మాట్లాడే ఐదుగురు కుర్రాళ్లు.

సత్తా ఉన్న టీమే. కానీ పెద్ద మ్యాచ్ వస్తే చేతులు వణికేవి. టీఎస్‌ఎమ్ రోజుల నుంచే వీళ్ల మీద ఆ ముద్ర ఉంది: గ్రూప్ దశలో అందర్నీ ఉతికేస్తారు, ప్లేఆఫ్స్ స్టేజి ఎక్కగానే కుప్పకూలతారు. 2016లో కొలంబస్ మేజర్‌లో సెమీస్ దాకా వెళ్లి, మూడు మ్యాప్‌లలో రెండు గెలవాల్సిన మ్యాచ్‌లో, నావి అనే టీమ్ చేతిలో రెండు మ్యాప్‌లూ పోగొట్టుకున్నారు. ఆ ఏడాదే రెండు మార్పులు జరిగాయి. ముందు కాజన్‌బి స్థానంలో 18 ఏళ్ల కెర్‌బీ వచ్చాడు. తర్వాత, అక్టోబరులో, కెప్టెన్ కరిగన్‌ని పక్కనపెట్టి గ్లేవ్ అనే లూకస్ రోసాండర్‌ని తెచ్చారు. గ్లేవ్ అప్పటికి పెద్ద పేరున్నవాడు కాదు. కోచ్ జోనిక్, అంటే డానీ సోరెన్‌సెన్, పాత కౌంటర్ స్ట్రైక్ 1.6 రోజుల్లో తనే పెద్ద ఆటగాడు.

మూడో మార్పు గురించే నేను పిల్లలకు ఎక్కువసేపు చెప్తాను. ఫిన్లాండ్‌కి చెందిన స్పోర్ట్స్ సైకాలజిస్ట్ మియా స్టెల్‌బర్గ్‌ని తీసుకొచ్చారు. ఆమె అంతకుముందు ఒలింపిక్ క్రీడాకారులతో పనిచేసిన మనిషి. ఆమెను పిలిచింది ఆట మెరుగుపరచడానికి కాదు, ఆట వాళ్లకు వచ్చు. నిద్ర, తిండి, వ్యాయామం, మ్యాచ్ ముందు ఏం చెయ్యాలి, తప్పు జరిగాక పక్కవాడితో ఎలా మాట్లాడాలి, ఈ విషయాల మీద పనిచేశారు. ఇవాళ ఇది మామూలుగా అనిపిస్తుంది. 2016లో ఈ ఆటలో తెల్లారేదాకా ఆడి, ఎనర్జీ డ్రింక్ తాగి, మధ్యాహ్నం లేవడమే పద్ధతి. మన దగ్గర చాలా బూట్‌క్యాంప్‌లలో ఇప్పటికీ అదే పద్ధతి.

2017 జనవరి 29, అట్లాంటాలోని ఫాక్స్ థియేటర్. ఈలీగ్ మేజర్ ఫైనల్, ఎదురుగా పోలండ్ టీమ్ వర్టస్ ప్రో. ఏళ్ల తరబడి ఒకే ఐదుగురుగా కలిసి ఆడుతున్న, ఎవరికీ భయపడని టీమ్ అది. మొదటి మ్యాప్ న్యూక్ ఆస్ట్రాలిస్ 12-16తో ఓడింది. పాత ఆస్ట్రాలిస్ అయితే అక్కడితో కథ ముగిసేది. రెండో మ్యాప్ ఓవర్‌పాస్ 16-14. మూడోది ట్రెయిన్, అదీ 16-14. ఆ రోజుల్లో 30 రౌండ్లలో 16 గెలిస్తే మ్యాప్ గెలిచినట్టు. అంటే రెండు మ్యాప్‌లూ చివరి రౌండు దాకా వెళ్లాయి, ఒక్కొక్క దాంట్లో ఒక్క రౌండు అటు పోయినా కనీసం ఓవర్‌టైమ్. ఆ వీడియో నేను కనీసం పదిసార్లు పిల్లలతో కలిసి చూశాను. వాళ్లు కిల్స్ చూస్తారు. నేను మాత్రం రౌండు ఓడిన తర్వాతి పది సెకన్లు చూడమంటాను. ఎవడూ పక్కవాడి వైపు తల తిప్పి ముఖం చిట్లించడు. కొనేది కొని, మాట్లాడేది మాట్లాడి, తర్వాతి రౌండులోకి వెళ్లిపోతారు. ఆ మేజర్‌లో ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) కెర్‌బీ.

పొగ, మంట, 18 సెకన్లు

ఆ గెలుపు తర్వాత వెంటనే అంతా ఏకబిగిన సాగలేదు. 2017లో పోలండ్‌లోని కాటోవిట్సేలో ఐఈఎమ్ అనే టోర్నమెంట్ గెలిచారు, ఫైనల్లో ఫేజ్ అనే టీమ్‌ని ఓడించారు, ఆ టీమ్‌లో అప్పుడు కరిగనే కెప్టెన్. క్రాకోవ్ మేజర్ సెమీస్‌లో గాంబిట్ టీమ్ చేతిలో ఓడారు. ఏడాది చివర్లో డివైస్ అనారోగ్యంతో కొన్ని టోర్నమెంట్లకు దూరమయ్యాడు. 2018 జనవరి బోస్టన్ మేజర్‌లో ప్లేఆఫ్స్‌కి కూడా రాలేదు. ఫిబ్రవరిలో కెర్‌బీ ఉన్నట్టుండి ప్రత్యర్థి డేనిష్ టీమ్ నార్త్‌కి వెళ్లిపోయాడు. ఒక రకంగా అదే వీళ్ల అదృష్టం, ఎందుకంటే ఆ ఖాళీలో మ్యాజిస్క్ వచ్చాడు. ఎమిల్ రీఫ్ అతని అసలు పేరు.

అప్పటి నుంచి దాదాపు రెండేళ్లు ఈ ఐదుగురు ఆడిన ఆట చూసి చాలామంది "ఎయిమ్ ఉన్న టీమ్" అనుకున్నారు. ఎయిమ్ ఉంది, కానీ గెలిపించింది అది కాదు. ఆట తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్తాను. రౌండు 1 నిమిషం 55 సెకన్లు. ఒక టీమ్ బాంబు పెట్టాలి, ఇంకో టీమ్ ఆపాలి. ప్రతి ఆటగాడూ తుపాకీతో పాటు నాలుగు గ్రెనేడ్లు మొయ్యొచ్చు: పొగ, కళ్లు మూయించే ఫ్లాష్, పేలేది, మంట పెట్టేది. వీటికి డబ్బు కావాలి, ఆ డబ్బు రౌండు రౌండుకీ సంపాదించుకోవాలి. ఈ ఆటకి అప్పటి వెర్షన్ సీఎస్‌గోలో పొగ సుమారు 18 సెకన్లు నిలిచేది. ఆ 18 సెకన్లలో ఎవరు ఎక్కడికి చేరాలన్నదే అసలు ఆట.

మామూలు టీమ్‌లు గ్రెనేడ్‌ని దారి తెరుచుకోవడానికి వాడేవి. ఆస్ట్రాలిస్ ప్రత్యర్థి ప్రాణం, సమయం, డబ్బు మూడూ కరిగించడానికి వాడింది. ఇన్‌ఫెర్నో మ్యాప్‌లో బనానా అని ఒక వంపు దారి ఉంటుంది, దాన్ని పట్టుకున్నవాడిదే సగం మ్యాప్. మనం మామూలుగా ఆడితే ఆ దారి కోసం తుపాకీతో కొట్టుకుంటాం. వీళ్లు ఒకడు మంట వేస్తే, దాన్ని తప్పించుకోవడానికి ఎదుటివాడు ఎక్కడ నిలబడతాడో ముందే లెక్కేసి అక్కడికి ఇద్దరు కలిసి పేలే గ్రెనేడ్లు విసిరేవారు. తుపాకీ పేలకముందే ఎదుటివాడికి సగం ప్రాణం పోయేది. అప్పుడు డుప్రీ లోపలికి వెళ్లేవాడు. చూసేవాళ్లకు డుప్రీ కిల్లే కనిపిస్తుంది. ఆ గ్రెనేడు విసిరిన జిప్ కనిపించడు. జిప్‌నైన్‌ఎక్స్‌కి క్లచ్ మినిస్టర్ అని పేరు, ఒక్కడే మిగిలిపోయిన రౌండ్లలో కూడా తొణకడు. కానీ నా దృష్టిలో అతని గొప్పతనం మంచి ప్లేసులు, మంచి తుపాకులు పక్కవాడికి వదిలెయ్యడంలో ఉంది. ప్రతి టీమ్‌లోనూ అలాంటివాడు ఒకడు కావాలి, ఎవడూ కావాలనుకోడు. మా కుర్రాళ్లలో అలాంటివాణ్ని వెతకడానికే నాకు సగం సీజన్ పడుతుంది.

న్యూక్ సంగతి ఇంకా వింత. రెండు బాంబు సైట్లూ ఒకదాని మీద ఒకటి ఉండే మ్యాప్ అది, కాపలా కాసేవాళ్లకే అనుకూలమని అందరూ నమ్మేవాళ్లు. వీళ్లు బయటి ఆవరణలో వరసగా పొగల గోడ కట్టి, ఆ గోడ వెనకాల ఎవరు కిందికి దిగుతున్నారో, ఎవరు ఊరికే చప్పుడు చేస్తున్నారో తెలియకుండా చేసేవారు. ల్యాన్ టోర్నమెంట్లలో (అందరూ ఒకే చోట కూర్చుని ఆడేవి) ఆ మ్యాప్ మీద వరుసగా 31 గెలిచారు. అదృష్టంతో ముప్పై ఒకటి రావు.

2018 ఏప్రిల్‌లో మార్సే, తర్వాత డల్లాస్, లండన్‌లో ఈసీఎస్ టోర్నమెంట్, వరసపెట్టి టైటిళ్లు. సెప్టెంబరులో లండన్‌లోనే ఫేసిట్ మేజర్. ఫైనల్లో ఎదురుగా నావి, అందులో ఆ ఏడాది ప్రపంచ నంబర్ వన్ ఆటగాడు సింపుల్. స్కోరు 2-0. ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాడున్న టీమ్‌ని ప్రపంచంలోకెల్లా గొప్ప పద్ధతి ఉన్న టీమ్ ఓడించింది, నేను దాన్ని అలాగే చూస్తాను. డిసెంబరులో సొంత దేశంలో, ఓడెన్సేలో, ప్రో లీగ్ ఫైనల్స్‌లో లిక్విడ్ అనే టీమ్‌ని ఓడించి మొట్టమొదటి ఇంటెల్ గ్రాండ్ స్లామ్ (కొన్ని పెద్ద టోర్నమెంట్లు గెలిచిన టీమ్‌కి ఇచ్చే బహుమతి) కొట్టారు, 10 లక్షల డాలర్ల బోనస్. 2019 మార్చిలో కాటోవిట్సే మేజర్, ఫైనల్లో ఫిన్లాండ్ టీమ్ ఎన్స్‌తో 2-0, ఎంవీపీ మ్యాజిస్క్. సెప్టెంబరులో బెర్లిన్ మేజర్, అవాంగార్‌తో 2-0, ఎంవీపీ డివైస్. మొత్తం నాలుగు మేజర్లు, వరుసగా మూడు. నలుగురు ఆటగాళ్లకు, డివైస్, డుప్రీ, జిప్, గ్లేవ్‌లకు, నాలుగేసి ట్రోఫీలు.

ఆటగాళ్ల చుట్టూ ఉన్న మనుషుల్ని కూడా చూడాలి. స్టెల్‌బర్గ్ తర్వాత లార్స్ రోబ్ల్ అనే ఆయన పెర్ఫార్మెన్స్ కోచ్‌గా వచ్చాడు, అంతకుముందు డేనిష్ సైన్యంలోని యేగర్ దళంలో సైకాలజిస్ట్. డెన్మార్క్ హ్యాండ్‌బాల్ జట్టు మాజీ గోల్‌కీపర్ కాస్పర్ హ్విట్ స్పోర్ట్స్ డైరెక్టర్. ఐదుగురు ఆటగాళ్ల వెనక ఇంతమంది పెద్దమనుషులు. అప్పటికి ఈ ఆటలో ఇంకెవరి దగ్గరా ఈ స్థాయి ఏర్పాటు నేను చూడలేదు.

డబ్బు, క్యాలెండర్

ఇక్కడి నుంచి కథ మెల్లగా ఇంకో దారి పడుతుంది. గెలుస్తున్నప్పుడే పట్టింది కాబట్టి అప్పుడు ఎవరికీ పెద్దగా కనపడలేదు.

ఆస్ట్రాలిస్‌ని ఆర్‌ఎఫ్‌ఆర్‌ఎస్‌హెచ్ అనే డేనిష్ కంపెనీ నడిపేది. అదే కంపెనీ బ్లాస్ట్ ప్రో సిరీస్ అనే టోర్నమెంట్లు కూడా నడిపేది. టీమ్ మీదే, టోర్నమెంటూ మీదే అయితే టీమ్ ఎక్కడ ఆడాలో ఎవరు నిర్ణయిస్తారు? 2019 మొదటి సగంలో ఆస్ట్రాలిస్ కొన్ని పెద్ద టోర్నమెంట్లు వదిలేసి బ్లాస్ట్ ఈవెంట్లకు మాత్రం వెళ్లింది. అభిమానులు గోల పెట్టారు. విశ్రాంతి కోసం అని చెప్పారు. విశ్రాంతి అవసరమే, నేను దాన్ని తప్పుపట్టను, కానీ విశ్రాంతి నిర్ణయం వ్యాపారం ఉన్న గదిలోనే జరిగితే ఆటగాడికి కూడా నమ్మకం కలగదు. ఈలోగా లిక్విడ్ వరసగా టోర్నమెంట్లు గెలిచి, రెండో గ్రాండ్ స్లామ్‌ని 63 రోజుల్లో కొట్టి, నంబర్ వన్ అయిపోయింది. ఆస్ట్రాలిస్ బెర్లిన్ క్వార్టర్స్‌లో ఆ లిక్విడ్‌ని 2-0తో ఇంటికి పంపడంతో విమర్శలు అణిగిపోయాయి. ట్రోఫీ వస్తే ఎవరూ ప్రశ్నలు అడగరు, మన దగ్గరా అంతే.

2019లోనే టీమ్‌లూ టోర్నమెంట్లూ రెండు కంపెనీలుగా విడిపోయాయి. ఆస్ట్రాలిస్ గ్రూప్ చేతిలో కౌంటర్ స్ట్రైక్ టీమ్‌తో పాటు లీగ్ ఆఫ్ లెజెండ్స్ టీమ్ ఆరిజెన్, ఫిఫా టీమ్ ఫ్యూచర్ ఎఫ్‌సీ ఉన్నాయి. డిసెంబరులో కోపెన్‌హేగన్‌లో నాస్డాక్ ఫస్ట్ నార్త్ మార్కెట్‌లో షేర్లు అమ్మారు, సుమారు 15 కోట్ల డేనిష్ క్రోనర్లు వచ్చాయి. ఒక ఈస్పోర్ట్స్ టీమ్ సంస్థ స్టాక్ మార్కెట్‌కి వెళ్లి షేర్లు అమ్మడం అదే తొలిసారి. నాకు గుర్తుంది, ఆ రోజు మా సర్కిల్‌లో అందరం సంబరపడ్డాం, మన రంగానికి గుర్తింపు వచ్చిందని. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ షేరు విలువలో సింహభాగం ఐదుగురు కుర్రాళ్ల చేతి మణికట్ల మీద, వాళ్ల నిద్ర మీద నిలబడి ఉంది.

2020 ఫిబ్రవరిలో టోర్నమెంట్లు నడిపే ఈఎస్‌ఎల్ సంస్థతో 13 టీమ్‌లు దీర్ఘకాలిక ఒప్పందం చేసుకున్నాయి, అందులో ఆస్ట్రాలిస్ ఒకటి. ఇంకోవైపు బ్లాస్ట్ ప్రీమియర్ టోర్నమెంట్లు. అంటే ఏడాది పొడవునా ఎప్పుడు ఎక్కడ ఆడాలో ముందే రాసిపెట్టి ఉంది. ఆదాయం ఖాయం, మంచిదే. కానీ ఖాళీ కూడా అంతే ఖాయంగా రాసిపెట్టారా అన్నది నా ప్రశ్న. తర్వాత కోవిడ్ వచ్చింది. స్టేజి లేదు, జనం లేరు, ప్రయాణాలు లేవు. బయటివాళ్లకు తేలిగ్గా అనిపిస్తుంది, ఇంట్లోంచే ఆడుతున్నారు కదా అని. నిజానికి ప్రయాణమే వాళ్లకు మధ్యలో దొరికే విరామం. అది పోయాక మ్యాచ్, స్క్రిమ్, మళ్లీ మ్యాచ్, పడకగదికీ పనికీ మధ్య ఒక తలుపు కూడా మిగల్లేదు. లాక్‌డౌన్‌లో మా కుర్రాళ్లు కూడా అలాగే అయిపోయారు, మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదకి.

ఆస్ట్రాలిస్ మేనేజ్‌మెంట్ దీన్ని చూడలేదని అనలేం. 2020 మార్చిలోనే హీరోయిక్ టీమ్ నుంచి ఎస్ట్యాగ్ అనే ఆటగాణ్ని తీసుకుంటున్నట్టు ప్రకటించారు, తర్వాత జూగి. ఐదుగురు కాదు, ఆరేడుగురు ఉండాలి, అవసరాన్ని బట్టి మార్చుకోవాలి అన్నది ఆలోచన. ఫుట్‌బాల్‌లో బెంచ్ మామూలే కదా. మేలో గ్లేవ్ ఒత్తిడితో సెలవు మీద వెళ్లాడు. అదే నెలలో జిప్ కూడా. కెప్టెన్ ఒకడు, అందరి భారం మోసేవాడు ఒకడు. ఈ ఇద్దరే ముందు పడిపోవడం నాకేమీ ఆశ్చర్యం కాదు. రౌండు జరుగుతున్నంతసేపూ మిగతా ముగ్గురు తమ ఆట ఆడతారు, ఐజీఎల్ (ఆటలో ఆదేశాలిచ్చే కెప్టెన్) ఐదుగురి ఆట తలలో ఆడాలి. సపోర్ట్ ఆటగాడు ఇంకొకరి పొరపాటు సర్దడానికే ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. స్కోర్‌బోర్డు మీద ఈ రెండు పనులకూ పాయింట్లు లేవు. మేనేజర్లు చూసేది స్కోర్‌బోర్డు కాబట్టి అలసట కూడా అక్కడే వెతుకుతారు.

సెలవు ఇవ్వడంలో సంస్థను నేను తప్పుపట్టను. నిజానికి పొగుడుతాను. ప్రపంచ చాంపియన్ టీమ్ కెప్టెన్‌ని నెలల తరబడి ఇంట్లో ఉండమని చెప్పి, ఆ విషయం బహిరంగంగా చెప్పడం అప్పటికి ఈ రంగంలో చిన్న విషయం కాదు. తర్వాత డివైస్ సహా ఎంతోమంది ఆటగాళ్లు సిగ్గుపడకుండా ఆగగలిగారంటే ఆ రెండు సెలవులు కొంత కారణమే అని నేను నమ్ముతాను. నా అభ్యంతరం వేరే. ఆరో మనిషి ముందు ప్రకటనల్లో వచ్చాడు, సెలవు తర్వాత వచ్చింది. ఆటగాడి వైపు నుంచి చూడండి. నువ్వు అలిసిపోయావని నీకే పూర్తిగా తెలియదు, అంతలో నీ పాత్రకు సరిపోయేవాణ్ని కొన్నారని వార్త. అది విశ్రాంతి కోసం అని ఎంత చెప్పినా, "నన్ను తీసేస్తారేమో" అనే మాట ముందు చెవిన పడుతుంది. ఆ గదిలో ఏం మాట్లాడుకున్నారో నేను చూడలేదు. నా టీమ్‌లో ఇదే క్రమంలో చేసినప్పుడు ఏమైందో మాత్రం చూశాను. రెండు వారాల పాటు ఐదుగురూ తమ సొంత నంబర్ల కోసం ఆడారు, ఒక్కడూ ఇంకొకడి కోసం ఫ్లాష్ వెయ్యలేదు.

ఇంకో చిక్కు ఈ ఆటలోనే ఉంది. కౌంటర్ స్ట్రైక్‌లో ఆటగాణ్ని మార్చడమంటే ఒక మనిషిని మార్చడం కాదు, ఒక మ్యాప్‌లో ఒక మూలని మార్చడం. ఆ మూలలో పొగ ఎన్నో సెకనుకి పడాలి, పక్కవాడు ఎప్పుడు తల బయట పెట్టాలి, ఇదంతా వందల గంటల అలవాటు. ఆస్ట్రాలిస్ లాంటి టీమ్‌కి అది ఇంకా కష్టం, ఎందుకంటే వాళ్ల బలమంతా ఆ అలవాటులోనే ఉంది. జులైలో బబ్జ్‌కీ వచ్చాడు, మ్యాప్‌ని బట్టి ఆరో ఆటగాణ్ని దింపే ప్రయోగం చేశారు. గ్లేవ్, జిప్ శరదృతువులో తిరిగొచ్చారు. ఎస్ట్యాగ్ అక్టోబరుకల్లా వేరే టీమ్‌కి వెళ్లిపోయాడు. అయినా ఆ ఏడాది చివర్లో ప్రో లీగ్, డ్రీమ్‌హ్యాక్ వింటర్ గెలిచారు. విశ్రాంతి తీసుకున్న మనిషి ఎలా ఆడతాడో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

విడిపోవడం

2021 ఏప్రిల్‌లో డివైస్ స్వీడన్ టీమ్ నింజాస్ ఇన్ పైజామాస్‌కి వెళ్లిపోయాడు. ఆ వార్త వచ్చిన రోజు మా ప్రాక్టీస్ రూమ్‌లో ఎవరూ కంప్యూటర్ ఆన్ చెయ్యలేదు, అందరం ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం. ఏడాది చివరికి డుప్రీ, మ్యాజిస్క్, కోచ్ జోనిక్ ముగ్గురూ ఫ్రాన్స్ టీమ్ వైటాలిటీకి. మిగిలింది గ్లేవ్, జిప్. 2022 రియో మేజర్‌కి ఆస్ట్రాలిస్ అర్హత సాధించలేకపోయింది, పుట్టినప్పటి నుంచి అది తప్పిన మొదటి మేజర్. డివైస్ కూడా స్వీడన్‌లో 2021 చివర్లో మానసిక ఆరోగ్యం కోసం సెలవు తీసుకుని, మళ్లీ ఆ టీమ్‌లోకి రానే లేదు. 2022 చివర్లో తిరిగి ఆస్ట్రాలిస్‌కే వచ్చాడు. అప్పటికి చుట్టూ ఉన్న ముఖాలు మారిపోయాయి.

2023 మేలో పారిస్ మేజర్‌ని వైటాలిటీ గెలిచింది. డుప్రీకి అది ఐదో మేజర్, ఐదు గెలిచిన మొదటి మనిషి. కోచ్ కుర్చీలో జోనిక్, పక్కన మ్యాజిస్క్. ఆస్ట్రాలిస్ నేర్పిన పద్ధతి ముగ్గురు మనుషులతో పాటు వైటాలిటీకి వెళ్లిపోయింది. అదే ఏడాది ఆస్ట్రాలిస్ స్టాక్ మార్కెట్ నుంచి తప్పుకుంది. లీగ్ ఆఫ్ లెజెండ్స్ యూరప్ లీగ్‌లో తన స్థానాన్ని ఫ్రాన్స్ సంస్థ కార్మీన్ కార్ప్‌కి అమ్మేసింది, అక్కడ వాళ్లు పెద్దగా గెలిచింది ఎప్పుడూ లేదు కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను.

నా టీమ్‌లో దీన్ని ఎలా వాడుతున్నాను

మా దగ్గర సైకాలజిస్ట్‌కి ఇవ్వడానికి డబ్బు లేదు, హ్యాండ్‌బాల్ చాంపియన్ డైరెక్టర్ లేడు. పైగా మన సమస్య కొంత తిరగేసి ఉంటుంది. 2022 జులైలో బీజీఎమ్‌ఐ అనే మొబైల్ ఆటని యాప్ స్టోర్ల నుంచి తీసేశాక 2023 మే దాకా మా మొబైల్ టీమ్ కుర్రాళ్లకు ఆడటానికి అసలు ఆటే లేదు, తిరిగొచ్చాక మాత్రం ఊపిరి సలపకుండా టోర్నమెంట్లు. ఖాళీ ఉన్నప్పుడు భయం, పని ఉన్నప్పుడు అలసట. ఇంట్లో అమ్మానాన్నలకు "ఈ నెలే, వచ్చే నెల నుంచి కాలేజీకి వెళ్తా" అని చెప్పి నెట్టుకొచ్చే పిల్లలు వీళ్లు. ఆగుతానని చెప్పడం వీళ్లకు డేనిష్ కుర్రాళ్లకంటే చాలా కష్టం.

అందుకని క్రమం మార్చాను. సీజన్ మొదలుకాకముందే గోడ మీద క్యాలెండర్ పెడతాం, ముందు సెలవులు రాస్తాం, తర్వాతే టోర్నమెంట్లు. ఆరో ఆటగాణ్ని సీజన్ మొదటి రోజు నుంచే తీసుకుంటాను, ఎవరూ అలిసిపోకముందు. అందరి ముందూ చెప్తాను, ప్రతి ఒక్కరూ కనీసం రెండు మ్యాప్‌లు ఇతనికి వదలాలని. మొదట వదిలేది కెప్టెన్. అలా మొదలుపెడితే మిగతావాళ్లకు అది శిక్షలా అనిపించదు. డబ్బులు ఇచ్చే స్పాన్సరుకి ఈ సెలవుల కాగితం ముందే చూపిస్తాను, ఒకసారి ఒక స్పాన్సర్ ఒప్పుకోకపోతే ఆ డబ్బు వదులుకున్నాం. స్కోర్‌బోర్డుతో పాటు ఇంకో నోట్‌బుక్ ఉంటుంది: ఎవరు పక్కవాడి కోసం ఎన్ని ఫ్లాష్‌లు వేశారు, ఎవరు తుపాకీ కొని ఇచ్చారు, ఎవరు రాత్రి ఎన్నింటికి పడుకున్నారు. వాళ్లే రాస్తారు. మొదటి నెల అబద్ధాలు రాస్తారు, రెండో నెల నుంచి నిజం రాస్తారు.

ఆ నోట్‌బుక్‌లో పోయినసారి మా ఐజీఎల్ పేరు పక్కన వరసగా పదకొండు రోజులు తెల్లవారుజామున 4 గంటలు అని ఉంది. అతను ఏమీ అనలేదు, ఆట కూడా బాగానే ఉంది. క్వాలిఫయర్ నాలుగు రోజుల దూరంలో ఉంది. నేనే వెళ్లి అడిగాను. చాలాసేపు మానిటర్ వైపే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత హెడ్‌సెట్ తీసి నా చేతిలో పెట్టాడు. మర్నాడు పొద్దున్నే వాళ్ల ఊరు ఖమ్మం బస్సెక్కించాను. క్వాలిఫయర్ ఆరో కుర్రాడు ఆడాడు, రెండో రౌండులో ఓడిపోయాం. పది రోజుల తర్వాత మా ఐజీఎల్ తిరిగొచ్చాడు, వాళ్లమ్మ పంపిన సకినాల డబ్బా టేబుల్ మీద పెట్టి, "అన్నా, ఇన్‌ఫెర్నో బనానా మళ్లీ మొదటి నుంచి చేద్దామా?" అన్నాడు.